ఆటోమేటిక్ అమ్మి మాన్యువల్ కొంటే ఎంత మిగులుతుంది?

ప్రశ్న: ఐదేళ్ల కిందట హైదరాబాద్‌లో ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. 48,000 కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు కరీంనగర్‌కు బదిలీ అయింది. ఇక్కడ ఏడాదికి 9,000 కిలోమీటర్లు మించి తిరగను. ఈఎంఐ 9,600, ఇంకా 22 కిస్తీలున్నాయి. వడ్డీ 9.25 శాతం, ఫిక్స్‌డ్. ముందే కట్టేస్తే 3 శాతం చార్జీ అంటున్నారు. ఈమధ్య ఫస్ట్ నుంచి సెకండ్‌కు మారేటప్పుడు బండి కుదుపు ఇస్తోంది. క్లచ్, గేరు కదిపే యాక్చుయేటర్ పోతే 50 వేలవుతుంది, ఈలోపే అమ్మేసి మాన్యువల్ తీసుకోమని మెకానిక్ చెప్పాడు. డీలరు 4.60 లక్షలు ఇస్తానంటున్నాడు. మైలేజీ, సర్వీసు రెండూ కలిసొస్తాయని నా ఆలోచన. కొత్తది కొననా, ఇదే మోడల్ సెకండ్‌హ్యాండ్ మాన్యువల్ చూడనా? కొత్తదైతే ఆన్‌రోడ్ 8.40 లక్షలు. మా ఆవిడ ఆటోమేటిక్ మీదే నేర్చుకుంది.

జవాబు: రెండూ వద్దండి. ఉన్న కారు ఉంచుకోండి, ఆ కుదుపు సంగతి ముందు తేల్చుకోండి. మీరు ఆశిస్తున్న ఆదా ఈ మార్పిడిలో లేదు. కారణం మీ దగ్గరున్నది ఏఎంటీ కావడమే.

ఏఎంటీ లోపల ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే. అవే గేర్లు, అదే క్లచ్ ప్లేటు. కాలితో క్లచ్ తొక్కే పని, చేత్తో గేరు మార్చే పని కంట్రోల్ యూనిట్, యాక్చుయేటర్ కలిసి చేస్తాయి, అంతే తేడా. అందుకే మైలేజీలో పెద్ద తేడా ఉండదు. కంపెనీ ప్రకటించే అంకెల్లో ఒక్కోసారి ఏఎంటీయే ముందుంటుంది. 2024లో వచ్చిన స్విఫ్ట్‌లో మాన్యువల్‌కు లీటరుకు 24.80 కిలోమీటర్లయితే ఏఎంటీకి 25.75. రోడ్డు మీద ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది. సరే, మాన్యువలే మెరుగనుకుందాం. మీకు ఇప్పుడు 16 వస్తుంటే మాన్యువల్‌లో 17 వస్తుందనుకుందాం. 9,000 కిలోమీటర్లకు 562 లీటర్లకు బదులు 529 లీటర్లు. 33 లీటర్లు మిగులుతాయి. లీటరు 108 రూపాయల చొప్పున ఏడాదికి 3,600లోపు. నెలకు మూడొందలు.

మీరు హైదరాబాద్‌లోనే ఉండి ఏడాదికి 20 వేల కిలోమీటర్లు తిరుగుతుంటే ఈ అంకె కాస్త పెరిగేది. తక్కువ తిరిగే ఊరికి వచ్చాక మైలేజీ కోసం కారు మార్చడంలో అర్థం లేదు.

ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ మార్పిడి చూద్దాం. డీలరు మీ కారును 4.60కి తీసుకుంటాడు. అదే ఏడాది, అదే మోడల్ మాన్యువల్‌ను మీకు అదే ధరకు ఇవ్వడు. తన మార్జిన్ వేసుకుంటాడు. పాతిక వేలు వేసుకున్నాడనుకుందాం. మీ లోన్‌లో అసలు ఇంకా 1.93 లక్షల దాకా ఉంటుంది. దాని మీద 3 శాతం చార్జీ, ఆ చార్జీ మీద 18 శాతం జీఎస్టీ కలిపి 6,850. ఆర్సీ బదిలీ, ఏజెంటు ఖర్చులకు ఐదు వేలు. ఇంకొకరు వాడిన కారు ఇంటికొచ్చాక మొదటి సర్వీసు, బ్యాటరీయో రెండు టైర్లో మార్చడానికి పదిహేను వేలు పక్కన పెట్టాలి. మొత్తం దాదాపు 52 వేలవుతుంది. ఏడాదికి 3,600 ఆదాతో ఇది తిరిగి రావడానికి 14 ఏళ్లు పైనే పడుతుంది. అప్పటికి ఆ కారుకు 19 ఏళ్లు నిండుతాయి. పైగా కొత్త కారు లోన్ కంటే పాత కారు లోన్‌కు వడ్డీ ఎక్కువ. అప్పు చేసి కొంటే ఈ లెక్క ఇంకా చెడుతుంది.

కొత్త మాన్యువల్ సంగతి. 4.60 లక్షల్లో పాత లోన్, చార్జీ పోను మీ చేతికి 2.60 లక్షలు వస్తాయి. మిగిలిన 5.80 లక్షలు ఐదేళ్ల లోన్ తీసుకుంటే 9.25 శాతానికి ఈఎంఐ 12,110. అంటే మరో 22 నెలల్లో తీరిపోయే 9,600 బదులు, 60 నెలల పాటు 12,110 కట్టాలి. వడ్డీ ఒక్కటే 1.46 లక్షలు. ఇక ఆన్‌రోడ్ 8.40లో ఎక్స్‌షోరూమ్ 7.05 లక్షలు ఉంటుందనుకోండి. తెలంగాణలో ఐదు నుంచి పది లక్షల మధ్య కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 98,700. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ముందే కట్టడం తప్పనిసరి. ట్యాక్సు, బీమా కలిపితే లక్షా ముప్పై వేల దాకా. షోరూమ్ గేటు దాటగానే ఈ డబ్బుకు రీసేల్ విలువ ఉండదు. ఇదంతా నెలకు మూడొందల పెట్రోలు కోసమా?

జీఎస్టీ తగ్గింది కదా, ఇదే మంచి సమయం కదా అని చాలామంది అడుగుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను 29 శాతం నుంచి 18 శాతానికి దిగిన మాట నిజమే. కానీ కొత్త కారు ధర దిగితే పాత కారు ధరా దిగుతుంది. కొనేటప్పుడు మిగిలిన దాంట్లో కొంత మీరు అమ్మేటప్పుడు పోతుంది.

ఇక మీ అసలు భయం, ఆ కుదుపు. ఫస్ట్ నుంచి సెకండ్‌కు కాస్త ఆగి, తల ముందుకు వంగినట్టు మారడం ఏఎంటీకి ఉన్న స్వభావమే. అది కొత్తగా మొదలైందన్నా, పెరిగిందన్నా నాలుగు కారణాలు చూడాలి: క్లచ్ ప్లేటు అరగడం, క్లచ్ మార్చాక గానీ బ్యాటరీ తీసి పెట్టాక గానీ లెర్నింగ్ (క్లచ్‌కు తగ్గట్టు కంట్రోల్ యూనిట్‌ను స్కానర్‌తో సరిచేయడం) చేయకపోవడం, హైడ్రాలిక్ రకమైతే యాక్చుయేటర్ ఆయిల్ తగ్గడం లేదా కారడం, బ్యాటరీ బలహీనపడడం. చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. ఓల్టేజీ తగ్గితే యాక్చుయేటర్ సరిగా పనిచేయదు, గేరు పడదు. బ్యాటరీతో పోయేదానికి గేర్‌బాక్స్ పోయిందని ఎస్టిమేట్ వేసినవాళ్లున్నారు.

కాబట్టి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టించి, ఫాల్ట్ కోడ్లు ప్రింట్ తీసుకోండి. క్లచ్ అరుగుదల ఎంతుందో రాసివ్వమనండి. బ్యాటరీ లోడ్ టెస్ట్ చేయించండి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో 48 వేలు తిరిగిన కారుకు క్లచ్ సగానికి పైగా అరిగి ఉంటే ఆశ్చర్యం లేదు. మార్చాల్సి వస్తే చిన్న కార్లకు లేబర్‌తో కలిపి పది నుంచి పదిహేను వేల మధ్య చూసుకోండి. మార్చాక స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ చేయించకుండా బండి బయటికి తీయొద్దు. చేయకపోతే కొత్త ప్లేటుతో కూడా అదే కుదుపు వస్తుంది. మాన్యువల్ కొన్నా క్లచ్ అరుగుతుంది, మార్చాలి. ఈ ఖర్చు తప్పించుకునే దారి అందులోనూ లేదు.

యాక్చుయేటర్ నిజంగానే పోయిందని కోడ్ చెబితే? అప్పుడు కూడా పూర్తి అసెంబ్లీ మార్చాలా, పంపు, సెన్సర్ లాంటి విడి భాగంతో సరిపోతుందా అని రెండో చోట అడగండి. 50 వేలే అయినా అది సెకండ్‌హ్యాండ్ మార్పిడికి అయ్యే 52 వేలతో సమానం. ఆ డబ్బుతో మీకు తెలిసిన కారు మీ దగ్గరే ఉంటుంది. నేనైతే ఈ పేరుతో 40 వేలు లిక్విడ్ ఫండ్‌లోనో, చిన్న ఎఫ్‌డీలోనో వేసి ఉంచమంటాను. ఇకపై క్లచ్ నిలవాలంటే ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్ మీద బండిని నిలబెట్టొద్దు, హ్యాండ్‌బ్రేక్ వేయండి. సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగితే న్యూట్రల్‌లో పెట్టండి.

ఇదే ప్రశ్న డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) ఉన్నవాళ్లు అడిగితే నా జవాబు ఇంత తేలిగ్గా రాదు. డ్రై క్లచ్ డీసీటీ ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. వారంటీ దాటాక క్లచ్‌లను, గేర్లను నడిపే మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్షల్లో ఉండొచ్చు. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకునే వీలుంటే తీసుకోవాలి. లేకపోతే ఉన్న వారంటీ అయిపోకముందే అమ్మడం తెలివైన పనే. సీవీటీకి (విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఆయిల్ సమయానికి మార్చిన బిల్లులుంటే కంగారు అక్కర్లేదు. టార్క్ కన్వర్టర్ (క్లచ్ ప్లేటు బదులు ఆయిల్ ద్వారా శక్తి అందించే ఆటోమేటిక్) మొండిది, పెట్రోలే కాస్త ఎక్కువ తాగుతుంది.

మీ శ్రీమతి విషయం కూడా డబ్బు లెక్కలోకే వస్తుంది. మన దగ్గర ఎల్ఎంవీ (కారు నడిపే) లైసెన్సులో ఆటోమేటిక్, మాన్యువల్ అని తేడా లేదు కాబట్టి కాగితాల పరంగా ఇబ్బంది లేదు. కానీ హాఫ్ క్లచ్ మీద బండి నడపడం అలవాటైతే లక్ష కిలోమీటర్లు రావాల్సిన ప్లేటు పాతిక వేలకే పోతుంది. ఆమె నడపడం మానేస్తే ఆటోల ఖర్చు మొదలవుతుంది. నెలకు మూడొందల ఆదా రెండు ఆటో ప్రయాణాలకు సరిపోదు.

మాన్యువల్ నడపడం మీకిష్టం, ఆ సరదా కోసమే కావాలనుకుంటే తప్పేం లేదు. అది ఖర్చు అని ఒప్పుకుని, చేతిలో డబ్బుతో చేయండి. దారి ఉంది: 22 నెలల్లో ఈఎంఐ తీరాక అదే 9,600 ఆర్డీలో వేయండి. 6.5 శాతం వడ్డీకి మూడేళ్లలో 3.80 లక్షలు దాటుతుంది. పాత కారు అమ్మిన డబ్బు కలిపితే అప్పటి కొత్త కారుకు లోన్ చాలా చిన్నదవుతుంది. ఏఎంటీ బదులు మాన్యువల్ వేరియంట్ ఎంచుకుంటే 50 వేల దాకా ధరలోనే మిగులుతుంది. మాన్యువల్ ఆదా దొరికేది అక్కడే, కొత్తగా కొనే రోజున.

ఎప్పుడు అమ్మినా మూడు పనులు మరచిపోవద్దు. లోన్ తీరగానే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) తీయించండి. అమ్మేటప్పుడు యాజమాన్య బదిలీకి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి వదిలేయకుండా ఆర్సీ కొన్నవాళ్ల పేరుకు మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూడండి. మీ పేరు మీదే ఉండిపోతే ప్రమాద పరిహారం మీ మెడకు చుట్టుకుంటుంది. రికార్డులో ఉన్నవాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తేల్చింది. పైగా ఆ కారు మీ పేరు మీద ఉండగానే ఇంకోటి కొంటే తెలంగాణలో రెండో కారు లెక్కన లైఫ్ ట్యాక్స్ 2 శాతం ఎక్కువ పడుతుంది, 7.05 లక్షల మీద 14,100. మూడోది నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే క్లెయిమ్ చేయనందుకు బీమా ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది కారుది కాదు, మీది. ఐదేళ్లుగా క్లెయిమ్ చేయకపోతే 50 శాతానికి చేరి ఉంటుంది. బీమా కంపెనీ నుంచి ఎన్‌సీబీ రిటెన్షన్ లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కారు ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టానికి కట్టే) ప్రీమియంలో ఆ తగ్గింపు మీకే వస్తుంది.