72 వేల డాలర్ల స్కాలర్‌షిప్ పెద్దదా, 58 వేలది పెద్దదా?

గుంటూరు పక్కన పెదనందిపాడు వైపు నుంచి ఒక రైతు రాసారు, ఉత్తరం పెద్దది, ముఖ్యమైంది మాత్రం ఇక్కడ పెడుతున్నా.

"మేడం గారూ, ఆరెకరాలు సొంతం, ఇంకో ఎనిమిది కౌలుకి చేస్తాను, మిర్చి, పత్తి. మా అమ్మాయికి అమెరికాలో డిగ్రీకి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి ఒహాయోలో చిన్న ప్రైవేట్ కాలేజీ, ఏడాది ఖర్చు 84 వేల డాలర్లు, ఎయిడ్ 58 వేలు అని రాసారు. రెండోది స్టేట్ యూనివర్సిటీ, ఖర్చు 51 వేలు, స్కాలర్‌షిప్ 72 వేలు అన్నారు, ఖర్చు కంటే స్కాలర్‌షిప్పే ఎక్కువ ఉందేంటో నాకు అర్థం కాలా. నేను కష్టపడితే ఏడాదికి 15 లక్షలు కట్టగలను. ఇంకొంచెం పెంచమని కాలేజీని అడగొచ్చు అంటున్నారు, అడిగితే సీటు తీసేస్తారేమోనని భయం. మా బావమరిది రెండెకరాలు అమ్మెయ్ బావా అంటున్నాడు. మే 1 లోపు చెప్పాలంట."

అన్నయ్య గారూ, ముందు ఆ రెండెకరాల సంగతి. ఎవరి దగ్గరా అడ్వాన్స్ తీస్కోకండి, ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టకండి, కాలేజీ నుంచి ఆఖరి మాట వచ్చేదాకా ఆగండి. భూమి అమ్మితే మళ్ళీ కొనలేం, కాలేజీ ఉత్తరం అయితే ఇంకోసారి రాయించుకోవచ్చు.

ఇప్పుడు 72 వేల లెక్క. అది నాలుగేళ్ళకి కలిపి వేసిన అంకె అన్నయ్య గారూ, అమ్మాయి నాకు పంపిన స్టేట్ యూనివర్సిటీ ఉత్తరం రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఏడాదికి 18 వేలు అని ఉంది. ఖర్చు 51 వేలేమో ఒక్క ఏడాదిది. అంటే మీరు ఏడాదికి కట్టాల్సింది 33 వేల డాలర్లు, డాలర్ 90 రూపాయలు అనుకుంటే 29 లక్షల 70 వేలు. ఇంకా ఆ 51 వేల లిస్టులో హెల్త్ ఇన్సూరెన్స్ కనపళ్ళా, అది విడిగా కట్టాల్సొచ్చిద్ది. మీరొక్కరే కాదు, గుంటూరు బ్రాడీపేటలో సలహాకి నా ముందు కూర్చున్న చదువుకున్న ఉద్యోగస్తులు కూడా ఈ నాలుగేళ్ళ అంకె, ఒక ఏడాది అంకె పక్కపక్కన పెట్టుకుని మోసపోయారు.

ఒహాయో కాలేజీ 58 వేలు కూడా అంతా దానం కాదు. ఆ ఉత్తరంలో మూడు వరసలు ఉన్నాయి చూడండి. గ్రాంట్ 52 వేలు, ఇది ఒక్కటే తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు. క్యాంపస్ జాబ్ 2,500, ఇది అమ్మాయి లైబ్రరీలోనో డైనింగ్ హాల్లోనో పనిచేస్తే జీతంగా వచ్చేది, ఫీజు బిల్లులో ముందే తగ్గించరు, ఎఫ్ వన్ వీసా (చదువుకునే పిల్లలకిచ్చేది) మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటి చెయ్యకూడదు కూడా. మూడోది లోన్ 3,500, అప్పుని కూడా ఎయిడ్ అనే రాస్తారు వాళ్ళు, అక్కడ అది మామూలే. కాబట్టి 84 లో నుంచి 52 తీసెయ్యండి, 32 వేలు మీ మీద పడేది, 28 లక్షల 80 వేలు. ఏ కాలేజీ ఉత్తరం వచ్చినా ఇదే లెక్క వెయ్యండి, మొత్తం ఖర్చులోనుంచి తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు మాత్రమే తీసి చూడండి.

అప్పుడు రెండూ ఇంచుమించు ఒకటే కదా అంటారు. కాదండి. స్టేట్ యూనివర్సిటీ ఇచ్చింది మార్కులు చూసి ఇచ్చిన స్కాలర్‌షిప్, 18 వేలు అంటే నాలుగేళ్ళూ 18 వేలే, ఫీజు మాత్రం ఏటా ఎంతో కొంత పెరిగిద్ది, ఆ పెరిగేదంతా మీ నెత్తిన. పైగా జీపీఏ (అక్కడి మార్కుల సగటు) ఇంతకి తగ్గకూడదు అని షరతు కూడా ఉంది, తగ్గితే ఆ 18 వేలు పోతాయి. ఒహాయో వాళ్ళది కుటుంబం పరిస్థితి చూసి ఇచ్చిన గ్రాంట్, పరిస్థితి మారింది అంటే మళ్ళీ చూసే దారి అక్కడే ఉంటది. అందుకే నేనైతే అప్పీల్, అంటే ఎయిడ్ పెంచమని అడిగే మెయిల్, అక్కడే పెట్టమంటా. ఫీజు పెరిగినప్పుడు గ్రాంట్ కూడా పెరుగుతుందా, ఏటా మళ్ళీ అప్లై చెయ్యాలా అని కూడా అదే మెయిల్లో అడిగించండి.

సీటు తీసేస్తారేమో అని భయం వద్దు. మర్యాదగా, కాగితాలు పెట్టి అడిగినందుకు ఇచ్చిన అడ్మిషన్ వెనక్కి తీస్కోరు. వాళ్ళ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో రోజూ చేసే పనే అది, చాలా కాలేజీల్లో దానికి ఫామ్ కూడా ఉంటది. కానీ ఒక మాట నిజంగా చెప్పాలి, మన పిల్లలకి పెంచడం అక్కడి పిల్లలకంటే కష్టం. అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ ఎయిడ్ ఎఫ్ వన్ స్టూడెంట్లకి రాదు (ఆ ఎయిడ్‌కి అప్లై చేసే ఫాఫ్సా ఫామ్ నింపిస్తాం డబ్బులు కట్టండి అని ఎవరన్నా అంటే కట్టకండి, ఆ ఫామ్ తో మీకు పనిలేదు), కాలేజీ సొంత డబ్బులోనుంచే ఇవ్వాలి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్, డార్ట్‌మౌత్, బోడిన్ లాంటి కొద్ది చోట్ల తప్ప, అవసరం చూసి ఎయిడ్ ఇచ్చే మిగతా కాలేజీలు చాలావరకు విదేశీ పిల్లలకి సీటిచ్చేటప్పుడే ఈ పాపకి ఎంత పెట్టాల్సొస్తుంది అని లెక్క చూసి ఇస్తాయి. మీ ఒహాయో కాలేజీ కూడా అంతే, 52 వేలు పెట్టడానికి వాళ్ళు ముందే ఒప్పుకున్నారు. ఇంకా పెట్టాలంటే కొత్త కారణం చూపించాలి. ఊరికే "మాకు కష్టంగా ఉంది" అంటే చాలదు.

మీకు ఆ కారణం ఉంది, మీరు గమనించలేదంతే. అమ్మాయి కాలేజ్ బోర్డ్ వాళ్ళ సీఎస్ఎస్ ప్రొఫైల్ నింపింది కదా, ఎయిడ్ కోసం ఇంటి ఆదాయం, ఆస్తి చెప్పే ఫామ్, అందులో అడిగింది 2024 ఆదాయం. రెండేళ్ళ వెనకటి లెక్క తీసుకోవడం వాళ్ళ పద్ధతి. ఆ తర్వాత మిర్చికి ఏమైందో యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలిన మీకు నేను చెప్పక్కర్లేదు. రేటు పడిపోయి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీమ్ కింద క్వింటాలుకి 11,781 రూపాయలు అని ప్రకటించాల్సొచ్చింది. ఒహాయోలో కూర్చున్న ఆఫీసర్ కి గుంటూరు యార్డు తెలీదు, మిర్చి రేటు తెలీదు, ఫామ్ లో ఉన్న 2024 అంకె ఒక్కటే తెలుసు, ఆ అంకె పెట్టే ఈ కుటుంబం ఇంత కట్టగలదు అని తేల్చారు. ఆ ఫామ్ లో స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్ అని రాసుకోవడానికి చోటు ఉంటది, అమ్మాయిని అడిగితే అది ఖాళీగా వదిలేసా మేడం అంది. పర్లేదు, ఆ మాట ఇప్పుడు అప్పీల్లో చెప్తాం.

కాగితాలు ఏం పెట్టాలంటే, రెండు సీజన్ల అమ్మకం పట్టీలు, 2024 వి, 2025 వి, కమీషన్ షాపు వాళ్ళని అడిగితే కాపీలు ఇస్తారు. ఎన్ని క్వింటాళ్ళు, ఏ రేటు, చేతికి ఎంత వచ్చింది అని పక్కపక్కన కనపడాలి. కోల్డ్ స్టోరేజీలో సరుకు ఉంటే దాని బాండు కూడా, దాచిపెట్టకండి, అది మీ ఆస్తి కిందే వస్తుంది. కౌలు ఎంత కట్టారు, పురుగుమందులకి ఎరువులకి ఎంత అయ్యింది బిల్లులు, బ్యాంకులో క్రాప్ లోన్ స్టేట్‌మెంట్. పట్టాదారు పాస్ పుస్తకం, అడంగల్. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం. వ్యవసాయ ఆదాయానికి మనకి ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి ఐటీ రిటర్న్ ఎందుకు లేదో కూడా ఒక వాక్యంలో చెప్పాలి, లేకపోతే ఆదాయం దాచారేమో అనుకుంటారు. ఒక సీఏ దగ్గర రెండేళ్ళ రాబడి, ఖర్చు ఒక పేజీలో రాయించి సంతకం చేయిస్తే ఆఫీసర్ కి పని తేలిక.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. విజయవాడలోనూ గుంటూరులోనూ కొంతమంది ఏం చేస్తున్నారంటే, ఎయిడ్ కోసం తక్కువ ఆదాయంతో సర్టిఫికెట్ తెప్పిస్తారు, అదే కుటుంబానికి ఐ ట్వంటీ (వీసాకి కాలేజీ ఇచ్చే కాగితం), వీసా కోసం ఎవరివో డబ్బులు నెల రోజులు అకౌంట్లో వేయించి 60 లక్షలు బ్యాలెన్స్ చూపిస్తారు. రెండు కాగితాలూ ఒకే కాలేజీకి వెళ్తాయి అన్నయ్య గారూ! ఎయిడ్ ఆఫీసూ ఐ ట్వంటీ ఇచ్చే ఆఫీసూ ఒకే క్యాంపస్ లో ఉంటాయి. పట్టుబడితే అడ్మిషన్ పోయిద్ది, వీసా దగ్గర తప్పుడు కాగితం అని తేలితే ఆ పిల్ల జీవితాంతం అమెరికా వెళ్ళకుండా బ్యాన్ పడొచ్చు. పద్దెనిమిదేళ్ళ పిల్ల చేసిన తప్పు కాదు అది, పెద్దవాళ్ళం చేసింది, శిక్ష మాత్రం తనకి. మీ నిజమైన లెక్కే బలంగా ఉంది, దాంట్లో ఒక్క రూపాయి కూడా మార్చకండి.

మెయిల్ అమ్మాయే రాయాలి, తన మెయిల్ నుంచే, కన్సల్టెన్సీ వాళ్ళు రాసిన ఉత్తరం ఆఫీసర్లు రెండు వాక్యాల్లో పసిగడతారు. ఒక్క పేజీ చాలు. సీటిచ్చినందుకు సంతోషం, ఈ కాలేజీయే నా మొదటి ఎంపిక (నిజమైతేనే రాయాలి), ఫామ్ లో ఇచ్చిన 2024 ఆదాయం ఇంత, 2025 లో ఇంతకి పడింది, కారణం ఇది, కాగితాలు ఇవి, మా నాన్న ఏడాదికి 16,600 డాలర్లు కట్టగలరు, ఇంకో 10 వేల డాలర్లు గ్రాంట్ పెరిగితే మిగతాది లోన్ తీస్కుని చేరగలను. అంకె కచ్చితంగా చెప్పాలి, ఎంతో కొంత పెంచండి అంటే వాళ్ళకి ఏం చెయ్యాలో తెలీదు. స్టేట్ యూనివర్సిటీ 72 వేలు ఇచ్చింది మీరూ ఇవ్వండి అని మాత్రం రాయొద్దు, వాళ్ళది మార్కుల స్కాలర్‌షిప్, వీళ్ళది అవసరం చూసి ఇచ్చేది, ఆ రెండిటికీ పోటీ పెడితే వినరు. ఒకే రకం స్కాలర్‌షిప్ ఇచ్చే రెండు కాలేజీలైతే వేరే సంగతి.

ఆఖర్లో ఇంకో వాక్యం, మీ జవాబు వచ్చేదాకా డిపాజిట్ (సీటు ఖాయం చేసుకోవడానికి కట్టేది) గడువు కొన్ని రోజులు పెంచగలరా అని. మెయిల్ పంపిన మర్నాడు ఫోన్ కూడా చెయ్యమనండి, మన సాయంత్రం ఆరున్నర అయితే అక్కడ పొద్దున తొమ్మిది, అప్పుడే ఆఫీసు తెరుస్తారు. డిపాజిట్ రెండు చోట్లా కట్టకండి, అది తప్పు, ఆ డబ్బు మామూలుగా తిరిగి కూడా రాదు.

ఎంత పెరుగుద్ది అని అడుగుతారు. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి పెరగలేదు, కొందరికి రెండు మూడు వేలు పెరిగింది. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ లో ఒకాయన షాపు సరుకంతా నీళ్ళల్లో పోయింది, వాళ్ళబ్బాయి షాపు ఫొటోలు, ఇన్సూరెన్స్ సర్వేయర్ రిపోర్టు, రెండేళ్ళ జీఎస్టీ రిటర్న్‌లు పెట్టి రాసాడు, వాడికి 9 వేల డాలర్లు పెరిగింది. ఆ పిల్లాడి మెయిల్లో ఏడుపు ఒక్క ముక్క లేదు, అంతా లెక్కలే.

లోన్ సంగతి కూడా ఇప్పుడే చూస్కోండి. మీరు పెట్టే 15 లక్షలు పోను ఇప్పటి లెక్కలో ఏడాదికి 13 లక్షల 80 వేలు తక్కువ పడుతున్నాయి, నాలుగేళ్ళకి 55 లక్షలు. పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ళు అనుకుంటే నెలకి 74 వేలు ఈఎంఐ, చదివేటప్పుడు పడే వడ్డీ కలపకుండా. అది ఉద్యోగం వచ్చీరాగానే ఒక ఆడపిల్ల మెడకి కట్టే బరువు కాదు, నేను ఒప్పుకోను. అడిగిన 10 వేలు పెరిగితే నాలుగేళ్ళ అప్పు 19 లక్షలకి దిగుద్ది, ఈఎంఐ 26 వేలు, అది మొయ్యగలిగింది. ఇంకోటి, బ్యాంకులు మామూలుగా పొలాన్ని ఎడ్యుకేషన్ లోన్ కి తాకట్టు తీస్కోవు, ఊళ్ళో ఇల్లో గుంటూరులో స్థలమో అడుగుతారు, అది ఉందో లేదో ఇప్పుడే మేనేజర్ తో మాట్లాడి పెట్టుకోండి, ఐ ట్వంటీకి మొదటి ఏడాది డబ్బు చూపించాలి కాబట్టి శాంక్షన్ లెటర్ అవసరం పడుద్ది.

పెంచకపోతే? అమ్మాయికి ఇక్కడ ఎంట్రన్స్ రాసే అవకాశం ఇంకా ఉంది, వదలొద్దు, హాల్ టికెట్ తీస్కుని రాయమనండి. డిగ్రీ ఇక్కడ చేసి ఎమ్మెస్‌కి వెళ్ళే దారి కూడా ఉంది, చాలామంది వెళ్తున్నారు. రెండెకరాలు అమ్మి, పైన 30 లక్షలు అప్పు చేసి మాత్రం వెళ్ళొద్దు, ఇది నా మాట, అమ్మాయికి కూడా ఇదే చెప్పా, ఏడ్చింది, అయినా చెప్పాల్సిందే చెప్పా.

శనివారం లోపు కమీషన్ షాపు నుంచి పట్టీలు తెప్పించండి. ఆదివారం సాయంత్రం అమ్మాయిని తీస్కుని రండి, మెయిల్ తను రాస్తది, లెక్కలు మనిద్దరం సరిచూద్దాం, సోమవారం రాత్రికి పంపేద్దాం.