తమ్ముడు రూమ్మేట్ల పేర్లతో క్యాసినో బోనస్‌లు తీసుకుంటున్నాడు, దొరికితే ఏమవుతుంది?

లెస్టర్‌లో చదువుకుంటున్న మీ తమ్ముడు రూమ్మేట్ల పేర్లతో ఆన్‌లైన్ క్యాసినో అకౌంట్లు తెరిచి వెల్‌కమ్ బోనస్‌లు తీసుకుంటున్నాడని రాశారు. నేను హైదరాబాద్ నుంచి ఒక యూకే క్యాసినోకి రిస్క్ టీమ్‌లో పనిచేశాను. ఇలాంటివి పట్టుకోవడమే మా పని.

దొరకడం చాలా తేలిక. ఒకే వైఫై, ఒకే ఫోన్, వేరువేరు పేర్లు. అందరూ కనీస డిపాజిటే వేస్తారు, ఒకే స్లాట్ (మెషిన్ ఆట) ఆడతారు, బోనస్‌కి ఇన్ని రెట్లు పందేలు కాయాలన్న షరతు తీరిన వెంటనే డబ్బు తీసేస్తారు. ఒక కేసులోనైతే అందరి పాస్‌పోర్టు ఫొటోల కిందా అదే పువ్వుల దుప్పటి, దాని మీద అదే టీ మరక. దానికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేకపోయింది.

ఆశ ఎక్కడ పుడుతుందో కూడా చెప్తాను. ఇదివరకటిలా 100 పౌండ్ల బోనస్‌కి 35 రెట్లు ఆడాలంటే 3,500 పౌండ్ల పందేలు కాయాలి. 96 శాతం తిరిగిచ్చే స్లాట్‌లో సగటున 140 పోతాయి. అంటే బోనస్ తీసుకోవడమే దండగ. యూకేలో 2026 జనవరి 19 నుంచి ఈ షరతు 10 రెట్లకు మించి పెట్టకూడదు. ఇప్పుడు అదే లెక్కన 40 పోయి 60 మిగులుతాయి, అదీ సగటున. వెల్‌కమ్ బోనస్ మనిషికి ఒక్కసారే కాబట్టి పేర్లు పోగేస్తారు.

తన పేరు మీద, తన డబ్బుతో లెక్కేసుకుని ఆడితే నేరం కాదు. మహా అయితే బోనస్‌లు ఆపేస్తారు. ఇంకొకరిలా నటించి డబ్బు తీసుకోవడం వేరే సంగతి, అది 2006 ఫ్రాడ్ చట్టం కిందికి రావచ్చు. నాకైతే రూమ్మేట్ల గురించే ఎక్కువ టెన్షన్. తమ బ్యాంకు అకౌంటు వాడుకోనిచ్చినందుకు సిఫాస్ అనే మోసాల జాబితాలో పేరు ఎక్కితే ఆరేళ్ల దాకా ఉండొచ్చు. కొత్త అకౌంటు, లోను, కొన్ని ఉద్యోగాలు, అన్నిటికీ అడ్డమే. వాటాగా వచ్చే పది ఇరవై పౌండ్లకి ఇదా?

క్యాసినోలు మాత్రం శుద్ధపూసలు కావు. గెలిచినవాడికి డబ్బివ్వడం ఇష్టం లేక ‘బోనస్ దుర్వినియోగం’ అని ముద్ర వేయడం మా దగ్గరే చూశాను. మీ తమ్ముడు తన సొంత పేరు మీద సరిగ్గా ఆడిన డబ్బు ఆపితే, ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయమనండి. ఎనిమిది వారాల్లో తేలకపోతే ఐబాస్ లాంటి మధ్యవర్తి సంస్థకి వెళ్లొచ్చు, ఆటగాడికి ఖర్చుండదు. ఏ సంస్థకి వెళ్లాలో ఆ క్యాసినో నిబంధనల్లోనే రాసి ఉంటుంది. రూమ్మేట్ల పేర్లతో తెరిచినవి మాత్రం ఈరోజే ఆపేయమనండి.