వెళ్లిపొమ్మన్నాక ఆగితే: కేసు నిలిచేది ‘తెలిసి’ అన్న మాట మీదే

ప్రశ్న: మాది రాజమండ్రి. బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం. గుంతల రోడ్డు బాగుచేయాలని మా అపార్టుమెంటు వాళ్లం 40 మంది దాకా రోడ్డు మీద బైఠాయించాం. వెళ్లిపొమ్మని ఎస్సై మైకులో కన్నడంలో చెప్పారట. నాకు కన్నడం రాదు. వెనక నిలబడి వీడియో తీస్తున్నాను. వారానికి బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 189(3), 189(5) కింద నోటీసు వచ్చింది. జైలుకు పంపుతారా?

జవాబు: ముందు మనసు కుదుటపరచుకోండి. రెండూ బెయిలబుల్ నేరాలే. పట్టుకున్నా పూచీకత్తు ఇస్తే వదలాల్సిందే, అది మీ హక్కు. అయితే వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరాలు కూడా, కాబట్టి నోటీసును పక్కన పడేయకండి. అది బీఎన్ఎస్ఎస్ (పోలీసు, కోర్టు ప్రక్రియను చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 35(3) కింద ఇచ్చినదైతే, చెప్పిన తేదీన హాజరయ్యేవాళ్లను కారణం రాసి పెట్టకుండా అరెస్టు చేయకూడదు. ఎగ్గొడితే ఆ రక్షణ పోతుంది.

189(3), అంటే పాత ఐపీసీ 145. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దీనికి మీ గుంపు చట్టవిరుద్ధమైనదని ముందు తేలాలి. దారికి అడ్డుపడటమే ఒక నేరం కాబట్టి ప్రాసిక్యూషన్ ఆ వైపు నుంచి వస్తుంది. 189(5), అంటే పాత ఐపీసీ 151. ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అయిదుగురు లేదా అంతకు మించి పోగై, ప్రశాంతతకు భంగం కలిగేలా ఉంటే చాలు. గుంపు ఉద్దేశం ఏమిటని చూడరు. మా డిమాండు న్యాయమైనదన్న వాదన ఇక్కడ అక్కరకు రాదు. చాలామంది దాన్నే పట్టుకుని దెబ్బతింటారు.

రెండింటికీ ప్రాణం ఒకటే: చెదిరిపొమ్మన్న ఆజ్ఞ ఉందని తెలిసి ఆగడం. ఆ ‘తెలిసి’ని నిరూపించాల్సింది వాళ్లు. ఆజ్ఞ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ, స్టేషన్ ఇన్‌ఛార్జి గానీ ఇవ్వాలి. ఇన్‌ఛార్జి లేనప్పుడే ఎస్సైకి తగ్గని అధికారి. మీ ఎస్సై ఏ హోదాలో చెప్పారో ఎఫ్ఐఆర్‌లో చూడండి. కన్నడం రాకపోవడం పనికొస్తుంది గానీ దాని ఒక్కదాని మీదే బరువంతా వేయకండి. పక్కవాళ్లు లేచి పోతుంటే కళ్లారా చూశారు కదా, ఇంగ్లీషులోనూ చెప్పారు కదా అని అడుగుతారు.

మీ వీడియో అందుకే కీలకం. మైకు మాట వినిపించాక మూడు నిమిషాల్లో మీరు కదిలినట్టు ఉంటే అదే మీ సాక్ష్యం. పావుగంట తీస్తూనే ఉంటే ఎదురు తిరుగుతుంది. ఎలా ఉన్నా కత్తిరించొద్దు, చెరపొద్దు. సాక్ష్యం మాయం చేశారన్న కేసు మీద పడుతుంది. కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ కావాలి, కాబట్టి అసలు ఫైలు ఆ ఫోన్‌లోనే ఉంచండి. పోలీసులు ఫోన్ తీసుకుంటే మహజరు (స్వాధీనం చేసుకున్నట్టు రాసే పత్రం) నకలు అడగండి. గేటు సీసీటీవీలో పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది. ఈరోజే అసోసియేషన్‌కు రాతపూర్వకంగా అడగండి.

ఛార్జిషీటు పడ్డాక, ‘తప్పు ఒప్పుకుని ఫైను కట్టెయ్, ఒక్కరోజులో అయిపోతుంది’ అని ఎవరో ఒకరు చెబుతారు. అలా ఒప్పుకుంటే అది శిక్ష పడినట్టే. రేపు వీసా ఫారంలో, కంపెనీ వెరిఫికేషన్‌లో దాన్ని రాయాల్సి వస్తుంది. లాయరుతో మాట్లాడకుండా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.