ఆ బిళ్లని తోమకురా

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

పెన్సిల్వేనియా పొలంలో మెటల్ డిటెక్టర్ కూసిన చోట తవ్వి తీశానని నువ్వు పంపిన బిళ్ల ఫోటో చూశాను. ముందు దాన్ని తోమకు. నాకు మొదటిసారి దొరికినదాన్ని అమ్మమ్మ రాగిచెంబు తోమినట్టు చింతపండేసి తోమాను. మట్టితోపాటు బంగారు పూతా పోయింది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, టూత్‌పిక్‌తో మెల్లగా మట్టి మాత్రం తియ్యి. అక్షరాలు తేలకపోతే గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చి పక్కవాటుగా వేసి బిళ్లని తిప్పు.

మూలమట్టం, కంపాస్ (గుండ్రాలు గీసేది) కనిపించగానే ఫ్రీమేసన్లనే పాత సోదర సంఘం వాళ్ల లాడ్జిదని, అంటే వాళ్ల శాఖదని తేల్చేశావు. (లాడ్జి అంటే బస్టాండు పక్కది కాదని మీ అమ్మకి చెప్పు, కంగారుపడుతుంది. హైదరాబాద్ గోషామహల్ బారాదరిలో మేసన్లు కలుసుకునేదీ లాడ్జే.) అమెరికాలో వాళ్ల గుర్తు మధ్య సాధారణంగా 'జి' ఉంటుంది. అక్కడ సుత్తి పట్టిన చెయ్యి ఉంటే మాత్రం అది చాలావరకు 1853లో ఫిలడెల్ఫియాలో పుట్టిన మరో సంఘం, జూనియర్ ఆర్డర్ ఆఫ్ యునైటెడ్ అమెరికన్ మెకానిక్స్‌ది. నేను ఏడాదిపాటు అలాంటిదాన్నే మేసన్లదని అందరికీ చూపించాను! నీ ఫోటోలో సరిగ్గా మధ్యలోనే మట్టి ఉంది.

ఇకముందు కూడా బొమ్మకంటే అక్షరాలనే నమ్ము. మూడు గొలుసు లింకుల్లో ఎఫ్, ఎల్, టి ఉంటే ఆడ్ ఫెలోస్ అనే సోదర సంఘానిది. ఫ్రెండ్‌షిప్, లవ్, ట్రూత్ (స్నేహం, ప్రేమ, సత్యం) అని. రోగుల్ని చూడడం, చనిపోయినవాళ్లని సాగనంపడం వాళ్ల నియమాలు. అందుకే వాళ్ల రిబ్బన్ బ్యాడ్జీలు చాలావాటికి ఒకవైపు రంగు, అంత్యక్రియల కోసం రెండోవైపు నలుపు ఉండేవి. మట్టిలో రిబ్బన్ కుళ్లిపోయి పైపట్టీ, కింది బిళ్ల విడివిడిగా మిగులుతాయి. కాబట్టి ఒక ముక్క దొరికితే చుట్టుపక్కల ఇంకోసారి డిటెక్టర్ తిప్పు. ఎఫ్, సి, బి అయితే నైట్స్ ఆఫ్ పైథియాస్ అనే ఇంకో సంఘానిది. చెట్టు మోడు, గొడ్డలి ఉంటే వుడ్‌మెన్ అనే సంఘం వాళ్లది అయ్యుంటుంది.

వెనక్కి తిప్పి చూశావా? మరమేకు ఉంటే కోటుకి పెట్టుకునేది, పైన చిన్న రింగు ఉంటే వాచీ గొలుసుకి వేలాడేది. నంబరు కనిపిస్తే సంబరపడిపోకు. లాడ్జి నంబర్లు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం వేసుకునేవి, అదే నంబరు ఒహాయోలోనూ ఉండొచ్చు. నంబరు, ఆ ఊరి పేరు రాసుకుని మీ కౌంటీ హిస్టారికల్ సొసైటీకి వెళ్లు. పాత సిటీ డైరెక్టరీల్లో లాడ్జిల జాబితాలు దొరుకుతాయి.

పొలం యజమానిని అడిగే తవ్వావు కదా? ఫెడరల్ భూముల్లో మాత్రం వందేళ్లు దాటిన వస్తువు జోలికి పోకు, 1979 నుంచి దానికి చట్టం ఉంది. శ్మశానం దగ్గర గుచ్చే ఊచతో ఉన్న పెద్ద గుర్తు కనిపిస్తే ఇంటికి తేకు, అది ఎవరి సమాధిదో. శ్మశానం చూసుకునేవాళ్లకి చెప్పు.

మధ్యలో మట్టి తీశాక ఇంకో ఫోటో పంపు. సుత్తా, 'జి'నా అని ఇక్కడ నాకు టెన్షన్‌గా ఉంది.

మీ మామయ్య