బోర్డుతో వాదించగలరు, నాన్నతో మాట్లాడలేరా?

ప్రశ్న: నా వయసు 34. ఏజీ బీఎస్సీ చదివి, తెనాలి దగ్గర నాన్నగారి ఎరువులు, పురుగుమందుల కొట్లోనే పదేళ్ళుగా ఉంటున్నాను. మందు లేదు, పేకాట లేదు. రాత్రిళ్ళు ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అని, మేనేజరుగా ఒక క్లబ్బును నడిపే వీడియో గేమ్ ఆడతాను, అంతే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగుల్లో పైనుంచి ఆరో అంచెలో ఉన్న డార్లింగ్టన్ క్లబ్బును తీసుకుని మూడో అంచె, లీగ్ వన్ దాకా తెచ్చాను. ఆట ల్యాప్‌టాప్‌లోంచి తీసేస్తేనే మాట్లాడతానంటోంది మా ఆవిడ. పూర్తిగా మానేయాలా? లేక తనకు నచ్చజెప్పే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: రాత్రి పదకొండింటికి ల్యాప్‌టాప్ మూసేయండి. ఆట తీసేయనక్కర్లేదు. మీరడిగిన ప్రశ్నకు ఇంతకు మించి జవాబు లేదు.

నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు డార్లింగ్టన్ గురించే రాశారు. మధ్యలో ఒక్క వాక్యం ఉంది: ‘జూన్‌లో పాప ఫీజుకు నాన్నగారిని అడగడం కాస్త ఆలస్యమైంది, ఈలోగా మా ఆవిడ పుట్టింటి నుంచి తెప్పించి కట్టేసింది.’ ఆ వెంటనే ప్లేఆఫ్ సెమీఫైనల్లోకి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. కొట్టూ పొలమూ ఉన్న ఇంటికి కోడలిగా వచ్చిన అమ్మాయి, కూతురి ఫీజుకు వాళ్ళ నాన్నకు ఫోన్ చేసింది. ఆ ఫోన్లో ఆమె గొంతు ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారైనా ఆలోచించారా? ఆమె కోపం ఆట మీద అనుకుంటున్నారు కాబట్టే నాకు ఈ ప్రశ్న రాశారు.

మీ ఆటను తక్కువ చేయను. మా మేనల్లుడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను కాబట్టి కొంత తెలుసు. ఆరో అంచెలో చాలామంది ఆటగాళ్ళు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ వచ్చిపోయేవాళ్ళే. కొనడానికి డబ్బుండదు. ఒప్పందం ముగిసి ఖాళీగా ఉన్నవాళ్ళను ఏరుకోవాలి, పెద్ద క్లబ్బుల కుర్రాళ్ళను కొన్నాళ్ళకు లోన్ మీద, అంటే అరువుగా, అడిగి తెచ్చుకోవాలి, జీతాల బడ్జెట్ దాటకుండా చూసుకోవాలి. ఐదో అంచెలో 24 జట్లుంటే నేరుగా పైకెళ్ళేది ఒక్కటే, ఇంకొకటి ప్లేఆఫ్‌లు గెలిచి వెళ్ళాలి. అక్కడ మూడు సీజన్లు ఇరుక్కుపోయినా, ఓడిన మ్యాచ్‌ను, అంతకుముందు దాచుకున్న ఆట (సేవ్) తెరిచి మళ్ళీ ఆడలేదని రాశారు. ఇది చేతకానివాడు చేసే పని కాదు.

యువ ఆటగాళ్ళ శిక్షణ సౌకర్యాలకు డబ్బు అడిగితే ఆటలోని మీ క్లబ్బు బోర్డు కాదంది. మీరు ఊరుకోలేదు. మరుసటి సీజన్ లాభం చూపించి వాదించి, సాధించారు. మరి తెనాలి కొట్లో? లైసెన్సుకు పెట్టింది మీ డిగ్రీ. రైతు తెగులు పట్టిన ఆకు తెచ్చి చూపించేది మీకే, ఈపాస్ మిషన్ మీద వేలిముద్ర వేయించేది మీరే. సరుకు ఆర్డరు మాత్రం నాన్నగారిది, గల్లా తాళంచెవి నాన్నగారి మొలతాడుకు. బండిలో పెట్రోలుకూ ఆయన్నే అడుగుతారు. ‘ఇంట్లోవాళ్ళకు జీతమేంట్రా’ అని ఆయన ఒకసారి అన్నారట, ఆ మాట మీద ఇన్నేళ్ళూ గడిచిపోయాయి. పగలంతా గుమాస్తాగా ఉన్న మనిషి రాత్రి మేనేజరు అవుతుంటే, నిద్ర ఎలా పడుతుంది?

ఇంకో సంగతి. అన్ని క్లబ్బులుండగా డార్లింగ్టనే ఎందుకంటే, దాని కథ నచ్చి, అన్నారు. అప్పటి ఛైర్మన్ ఊరి తాహతుకు మించి 25,000 సీట్ల స్టేడియం కట్టించి, తన పేరే పెట్టుకున్నాడు. 2003లో తెరిచారు, ఆ ఏడాది చివరికే క్లబ్బు దివాలా అంచుకు పోయి అడ్మినిస్ట్రేటర్ల చేతికి వెళ్ళింది. 2012లో అభిమానులు తొమ్మిదో అంచె నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎవరినీ అడక్కుండా అంతా తానే నడిపిన యజమాని, తర్వాత దాన్ని నిలబెట్టుకునేవాళ్ళు – ఈ కథ మీకెందుకు నచ్చిందో నాకైతే ఆశ్చర్యం లేదు. మూడో పేజీలో, మీతో మాట మాత్రం అనకుండా నాన్నగారు అప్పు తెచ్చి రెండో గోడౌన్ మొదలుపెట్టారని రాసింది కూడా మీరే కదా.

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టను. బస్తాలు మోసి కొట్టు పెట్టినాయన, చేతిలోంచి తాళం వదలడం సులువు కాదు. కానీ మీరు అడగనే లేదు! అడగకపోవడం పెద్దల పట్ల మర్యాద అనుకుంటున్నారు. నా లెక్కలో అది భయం. ఆ భయానికి ఖరీదు కడుతున్నది మీ ఆవిడ. పెళ్ళయి, బిడ్డ పుట్టాక కూడా మగవాడు తన ఇంటి ఖర్చు తన చేత్తో పెట్టలేకపోతే, ఆ ఇంట్లో భార్యకు గౌరవం ఎక్కడి నుంచి వస్తుంది? అత్తగారి ముందు చెయ్యి చాచాలి, లేదా పుట్టింటికి ఫోన్ చేయాలి. ఆమె రెండోది ఎంచుకుంది.

కాబట్టి మాట్లాడండి. కొట్లో గుమాస్తాల ముందు వద్దు, మేనమామను వెంట తీసుకెళ్ళొద్దు, ‘మీ కోడలు అడగమంది’ అన్న మాట అసలే రానివ్వద్దు. ఖరీఫ్ అరువులు వసూలై ఆయన మనసు కుదురుగా ఉన్న రోజు చూసుకుని, మీరొక్కరే కూర్చోండి. ఈ మూడేళ్ళలో మీ సలహా మీద ఎంత సరుకు కదిలిందో, ఎంత బాకీ మీరు తిరిగి వసూలు చేశారో కాగితం మీద రాసుకుని వెళ్ళండి. నెలకు ఇంత అని జీతం అడగండి. విత్తనాల కొనుగోలు ఒక్కటైనా మీ చేతికి ఇమ్మనండి. ఏడాది తిరిగేసరికి భాగస్వామ్య పత్రం రాయించాలన్న మాట కూడా అప్పుడే చెవిన వేయండి. ఆయన అరుస్తారు. రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడరు. అమ్మగారు మధ్యలో ఏడుస్తారు. మూడో రోజు మళ్ళీ అదే కాగితంతో వెళ్ళండి.

అప్పటికీ కాదంటే, సీజన్ మధ్యలో ఆయన్ని వదిలేసి పోవద్దు, అది కొడుకు చేయాల్సిన పని కాదు. రబీ అమ్మకాలు ముగిశాక విత్తన కంపెనీల్లో ఉద్యోగం చూసుకోండి. ఏజీ బీఎస్సీ, పైగా పదేళ్ళు రైతులతో నేరుగా పనిచేసిన అనుభవం మీకుంది. సాయంత్రాలు కొట్లో సాయం చేయొచ్చు, మీ జీతం మీది.

ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది. ఫీజు డబ్బు మామగారికి ఈ నెలలోనే తిరిగి ఇచ్చేయండి. మీ దగ్గర లేకపోతే నాన్నగారినే అడగండి, ఎందుకో దాచకుండా చెప్పి మరీ అడగండి. ఇవ్వడానికి మీ ఆవిడను వెంటబెట్టుకుని మీరే వెళ్ళండి, ఫోన్‌పే చేయొద్దు.