రోజు విడిచి రోజు మాత్ర వద్దు

ప్రశ్న: మా వారికి క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్నట్టు రెండేళ్ల కిందట తేలింది. అప్పటి నుంచి రోజుకొకటి చొప్పున ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాముల మాత్ర వాడుతున్నారు. రిపోర్టులు బాగానే ఉన్నాయని డాక్టరుగారు అంటున్నారు గాని, మందు కొనడానికే మా పొదుపంతా కరిగిపోయింది. మొన్న అలమర సర్దుతుంటే, పది రోజుల కిందటే అయిపోవలసిన స్ట్రిప్పులో సగం మాత్రలు అలాగే కనిపించాయి. నిలదీస్తే, మూడు నెలలుగా రోజు విడిచి రోజు వేసుకుంటున్నానని ఒప్పుకున్నారు. డాక్టరుకు చెప్పనని నా చేత మాట కూడా తీసుకున్నారు. మాలాంటి వాళ్లకు దారేమిటి?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా ఆ మాటను పక్కన పెట్టండి. మీవారు తన ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నది మీ ఇంటి ఖర్చు తగ్గించాలనే తపనతోనే అని నాకు అర్థమవుతోంది. కాని ఈ దారిలో మిగిలే డబ్బు నిజంగా మిగిలేది కాదు. ఈ జబ్బులో తెల్ల రక్తకణాలను అదుపు లేకుండా పెంచే బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీన్‌ను ఇమాటినిబ్ అడ్డుకుంటుంది. రక్తంలో మందు తగినంత ఉన్నప్పుడే ఆ అడ్డు నిలుస్తుంది. చాలా ఏళ్లుగా ఈ మందు వాడుతున్నవారిని పరిశీలించి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, డోసుల్లో 90 శాతానికి మించి వేసుకున్నవారిలో అత్యధికులకు జబ్బు బాగా అణిగిందని, అంతకన్నా తక్కువ వేసుకున్నవారిలో చాలామందికి ఆ ఫలితం దక్కలేదని తేలింది. మీవారు వేసుకుంటున్నది 50 శాతమే.

దాచడం వల్ల మరో ప్రమాదం కూడా ఉంది. తరువాతి రక్తపరీక్షలో బీసీఆర్-ఏబీఎల్ పెరిగినట్టు వస్తే, అసలు సంగతి తెలియని డాక్టరు మందు పనిచేయడం లేదనుకుని మరో మందుకు మార్చవచ్చు. అది సాధారణంగా ఇంకా ఖరీదైనదే అవుతుంది. కాబట్టి ఈ వారంలోనే ఇద్దరూ కలిసి వెళ్లి, "ఈ మందు మేము కొనలేకపోతున్నాం, మూడు నెలలుగా సగమే వేసుకున్నారు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. మందు ధర రోగి ఇంటిని ఎంత కుదిపేస్తోందో చాలామంది డాక్టర్లకు ఎవరూ చెప్పరు. అడగనిదే వారికీ తెలియదు.

ఇక ఖర్చు సంగతి. మీ దగ్గరున్న స్ట్రిప్పును వెలుతురులో తిప్పి చూడండి. పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టుకున్న పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ఇమాటినిబ్ మెసిలేట్ అని ఉంటుంది. మీకు కావలసింది ఆ చిన్న అక్షరాల పేరు. ఈ మందుకు మొదటి అనుమతి 2001లో వచ్చింది. మందులకు పేటెంటు రక్షణ సాధారణంగా దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 ఏళ్లు ఉంటుంది గనుక, ఇప్పుడు చాలా చోట్ల ఇదే మందును అనేక కంపెనీలు జనరిక్ రూపంలో తయారు చేస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని 2015లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది కూడా. డాక్టరును చీటీలో ఆ చిన్న అక్షరాల పేరే, అంటే జనరిక్ పేరు, రాయమని అడిగి, అదే చీటీ పట్టుకుని రెండు మూడు మందుల షాపుల్లో, ఆసుపత్రి ఫార్మసీలో ధరలు విచారించండి. ఒకే మందుకు, ఒకే మోతాదుకు ఇంత తేడా ఉంటుందా అని ఆశ్చర్యపోతారు.

జనరిక్ అంటే నాసిరకమేమో అన్న భయం మీకూ ఉండవచ్చు. రక్తంలోకి చేరే మందు విషయంలో అసలు బ్రాండుకు, జనరిక్‌కు ఉండే నిష్పత్తి గణాంక లెక్కల్లో 80 నుంచి 125 శాతం హద్దుల మధ్య ఉండాలన్న నియమాన్ని విని, 20 శాతం మందు తక్కువ వేస్తారని కొందరు పొరబడతారు. అది సగటుకు పెట్టిన హద్దు కాదు, ఆ సగటు చుట్టూ ఉండే అనిశ్చితి అంతా కలిపి దాటకూడని హద్దు. అమెరికా మందుల నియంత్రణ సంస్థకు అందిన, బ్రాండునూ జనరిక్‌నూ పోల్చిన 2,070 అధ్యయనాలను సమీక్షించి 2009లో ప్రచురించినప్పుడు, శరీరంలోకి చేరిన మందు పరిమాణంలో సగటు తేడా 3.5 శాతం దగ్గరే ఉంది. అయితే అనుమతి ఉన్న తయారీదారు సరుకునే, లైసెన్సు ఉన్న షాపులోనే, బిల్లుతో కొనండి. చీటీ అడగకుండా, చవకగా ఇంటికే పంపుతామనే వెబ్‌సైట్ల జోలికి పోకండి. క్యాన్సర్ మందుల్లో నకిలీలు కూడా తిరుగుతుంటాయి.

జనరిక్ కూడా భారమైతే, ఆసుపత్రిలో సోషల్ వర్కర్ ఉన్నారేమో కనుక్కోండి. నా దృష్టిలో ఇది అందరూ మరచిపోయే తలుపు. ఏ ట్రస్టు ఈ జబ్బుకు సాయం చేస్తుందో, ఏ కంపెనీ పేద రోగులకు ఉచితంగా ఇస్తుందో, ప్రభుత్వ సహాయానికి ఏ కాగితాలు కావాలో వారికి తెలిసి ఉంటుంది. ఇమాటినిబ్‌ను మొదట తయారు చేసిన సంస్థ కూడా అనేక దేశాల్లో ఇటువంటి ఉచిత పంపిణీ నడిపింది. జబ్బు నిర్ధారణ రిపోర్టు, ఆదాయ ధ్రువీకరణ, డాక్టరు సంతకంతో ఉన్న లేఖ ఒక కవరులో సిద్ధంగా ఉంచుకుంటే ప్రతి చోటా మొదటి నుంచి తిరగనక్కర లేదు. బీమా ఉండి క్లెయిము తిరస్కరించి ఉంటే, కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. ఈ మందు ఎందుకు అవసరమో డాక్టరు చేత రాయించి మళ్లీ పంపండి. మొదటి తిరస్కరణతో ఆగిపోయేవారే ఎక్కువ.

ఈ మందు జీవితాంతం వాడాలని సాధారణంగా చెబుతారు. దాని గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్లపాటు జబ్బు లోతుగా అణిగి ఉన్న కొందరిలో, డాక్టరు పర్యవేక్షణలో తరచూ పరీక్షలు చేస్తూ మందు ఆపి చూస్తారు. అలా ఆపినవారిలో దాదాపు సగం మందికి జబ్బు తిరిగి రాలేదు. ఆ అవకాశం మీవారికి దక్కాలంటే ఇప్పుడు ఒక్క రోజు కూడా తప్పకూడదు.

ప్రశ్న: మా నాన్నగారు కొలెస్ట్రాల్‌కు 20 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ వాడుతున్నారు. 40 మిల్లీగ్రాముల మాత్ర ధర కూడా దాదాపు అంతే. దానిని సగం చేసి వాడవచ్చా?

జవాబు: ఈ మందు విషయంలో చాలావరకు వీలవుతుంది. కాని డాక్టరు ఒప్పుకుని, 40 మిల్లీగ్రాముల మాత్రలో సగం అని చీటీలో స్పష్టంగా రాయాలి. మాత్రలు కోసే చిన్న పరికరం మందుల షాపుల్లో దొరుకుతుంది. స్ట్రిప్పంతా ఒకేసారి కోసి డబ్బాలో పోయకుండా, ఒక మాత్ర కోసి రెండు సగాలూ అయ్యాకే మరొకటి తీయండి. మందు నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను, పేగులోకి వెళ్లాకే కరిగేలా పైపూత వేసినవాటిని, క్యాప్సూల్స్‌ను ఎప్పుడూ కోయకూడదు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి, కొద్ది తేడా కూడా కీడు చేసే మందులను మీ అంతట మీరు కోయవద్దు. నాన్నగారికి చూపు మందగించినా, చేతులు వణుకుతున్నా ఆ పని ఇంట్లో మరొకరు చేసిపెట్టండి. సగం అన్న సంగతి మరచి పూర్తి మాత్ర వేసుకునే వీలుంటే మాత్రం పాత 20 మిల్లీగ్రాముల మాత్రే వాడించండి.