ఐరావతం మహదేవన్ తమిళ బ్రాహ్మీ శాసనాలను ఎలా చదివారు?

తమిళనాడు కొండగుహలలోని ప్రాచీన శాసనాల అక్షరాలు అశోకుని కాలపు బ్రాహ్మీ లిపికి దగ్గరివే కనుక వాటిని గుర్తించడం పెద్ద కష్టం కాదు. చిక్కంతా అచ్చుల గుర్తుల దగ్గరే వచ్చింది. అశోకుని శాసనాలలో ఏ గుర్తూ లేని హల్లులో అకారం ఇమిడి ఉంటుంది. తొలి తమిళ శాసనాలలో అదే హల్లు పొల్లుగా, అంటే అచ్చు లేకుండా పలుకుతుంది, అకారానికి విడిగా గీత ఉంటుంది; తరువాతి కొన్నింటిలో సందర్భాన్ని బట్టి రెండు విధాలా పలుకుతుంది, ఇంకా తరువాత పొల్లుకు చుక్క వచ్చింది. మన భట్టిప్రోలు బౌద్ధ ధాతుపేటికల (అవశేషాల పెట్టెల) మీది ప్రాకృత శాసనాలలోనూ అకారానికి విడిగా గీత ఉండడం గమనించదగ్గది.

ఈ శాసనాల భాష తమిళమేనని కె.వి. సుబ్రహ్మణ్య అయ్యర్ 1924లోనే చెప్పగా, ఈ లేఖన పద్ధతులను కాలక్రమంలో అమర్చి చూపినవారు మహదేవన్ (1930–2018). వృత్తిరీత్యా ఆయన ఐఏఎస్ అధికారి. శాసన పరిశోధన ఉద్యోగం మధ్య చేసుకున్న పని. కరూరు దగ్గరి పుగళూరు శాసనాన్ని 1965లో ఆయన చదివిన తీరు నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే ఒక జైన మునికి రాతి పడక చెక్కించి ఇచ్చిన సంగతి చెప్పే ఆ కొద్ది మాటలలో చేర రాజుల మూడు తరాల పేర్లు వరుసగా బయటపడి, ప్రాచీన తమిళ కవిత్వమైన సంగం సాహిత్యంలోని రాజుల కాలనిర్ణయానికి రాతి ఆధారం దొరికింది.

1980లో స్వచ్ఛందంగా ఉద్యోగం విడిచి, కొంతకాలం ‘దినమణి’ తమిళ పత్రికకు సంపాదకత్వం వహించి, 1990లలో మళ్లీ గుహలకు వెళ్లి నకళ్లు తీసుకున్నారు. ఈ శాసనాల మీద ఆయన సమగ్ర గ్రంథం 2003లో వెలువడింది.